నా దగ్గరున్న ఆరు పేజీలు

మన బడి పాత విద్యార్థుల సభకు వేస్తున్న సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి మన సెక్రటరీ ఫోన్‌తో ఆగకుండా నేరుగా బెంగళూరు యశ్వంతపురంలో మా ఇంటికే వచ్చాడు. కాఫీ తాగి, "ముప్పై ఎనిమిదేళ్ళు రికార్డులు తిరగేసినోడివి. మన బడి చరిత్ర నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారప్పా? రెండు పేజీలు చాలు" అని చెప్పి, మా ఆవిడ పెట్టిన ఊరిబిండి డబ్బా చంకన పెట్టుకుని పోయాడు.

రెండు పేజీలే రాద్దామని కూర్చున్నాను. వారం రోజులు కూర్చున్నాను. రాలేదు. మన బడి చరిత్ర ఏ ఒక్కరి దగ్గరా మొత్తం లేదు. కావాలనే దాన్ని పందొమ్మిది మందికి పంచి వెళ్ళాడు ఒకాయన. నా వాటాకు వచ్చినవి ఆరు పేజీలు, 31 నుంచి 36 దాకా. కాబట్టి నేను రాయగలిగింది ఆ ఆరు పేజీల సంగతి, వాటిని నా చేత రాయించిన సోషల్ సారు సంగతి.

బాదంచెట్టు కింద జరిగిన పంచాయితీ, హెచ్చెమ్ గారి సైకిల్ బావిలో తేలడం, లెక్కల సారు డస్టరు, గంట తాత జేబులోని బెల్లం, ఇవన్నీ మిగతావాళ్ళు రాస్తారని నాకు తెలుసు. సైకిల్ సంగతి మాత్రం దయచేసి నిజం రాయండి. యాభై ఏళ్ళయింది, ఇప్పుడు ఎవరూ ఎవర్నీ కొట్టరు.

మనం తొమ్మిదో తరగతిలో ఉండగా, 1972 అక్టోబరులో, ముల్కీ నిబంధనల మీద, అంటే తెలంగాణలో సర్కారు ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అన్న నిబంధనల మీద, అవి చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆంధ్రను వేరే రాష్ట్రం చేయాలని, చూస్తుండగానే ఊళ్ళో గోడలన్నీ 'జై ఆంధ్ర' అయిపోయాయి. డిసెంబరులో ఎన్జీవోలు, అంటే గెజిటెడ్ కాని సర్కారు ఉద్యోగులు, సమ్మెకు దిగారు, వాళ్ళతోపాటు మన అయ్యవార్లూ దిగారు. గంట తాత గేటుకు తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చిందని రేడియోలో చెప్పారు. బడి మాత్రం తెరవలేదు. ఆ యేడు వానలు కూడా సరిగ్గా లేవు. శెనక్కాయల మిల్లు వారంలో మూడు రోజులే తిరిగేది. మా నాయన మిగతా నాలుగు రోజులు ఇంటి ముందు వేపచెట్టు కింద తాళ్ళు పేనుకుంటూ కూర్చునేవాడు.

మనకు మాత్రం పండగే. స్టేషన్ అవతల మీటర్‌గేజి పట్టాల మీద పది పైసల బిళ్ళలు పెట్టి, హిందూపురం ప్యాసింజరు పోయినాక రేకులా సాగిన బిళ్ళలు ఏరుకోవడం మన నలుగురి పని. ఆ రోజు రైలు వెళ్ళిపోయాక తల ఎత్తితే, పట్టాలకు అవతలి వైపు సోషల్ సారు నిలబడి ఉన్నారు. చేతిలో గుడ్డసంచి. అరవలేదు. మన దగ్గరికొచ్చి ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఏ సంవత్సరం ఉండింది రా?" అన్నారు. నలుగురిలో ఎవరూ చెప్పలేకపోయాం. అచ్చు మొత్తం చెరిగిపోయింది.

"పోగొట్టుకునే ముందు చూసి పెట్టుకోవల్ల కదా" అన్నారు. "రేపు పొద్దున ఆరింటికి మా జగిలి కాడికి రాండి. పుస్తకాలు వద్దు."

సారు అద్దెకుండిన కోమట్ల వీధి ఇంటి ముందరి అరుగు, ఆ జగిలి, మీ అందరికీ గుర్తుంటుంది. నున్నటి నాపరాళ్ళు, మధ్యలో రెండు కొయ్య స్తంభాలు. ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది.

మరుసటి రోజు అందరికంటే ముందు పోయింది నేను. అది మా నాయన పుణ్యం. మిల్లు ఉన్నా లేకున్నా నాలుగున్నరకే లేచేవాడు, ఇంట్లో అందరినీ లేపేవాడు. సారు నా కుడిచెయ్యి పట్టుకుని, జేబులోంచి ఇంకుపెన్ను తీసి అరచేతిలో 'సరస్వతి' అని రాశారు. చక్కిలిగిలి పెట్టింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. రెండోవాడు బెల్లం మండీ మనవాడు. వాడి అరచేతిలో సున్నా చుట్టారు. మూడోవాడికి మడిచిన పేపరుతో అరచేతిలో ఒకటి తగిలించారు. నాలుగోవాడికి రెండు. అట్లా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెరుగుతూ పోయి, ఆఖరున కళ్ళు నులుముకుంటూ వచ్చిన పందొమ్మిదో మనిషికి పదిహేడు. అవి మనమందరం గట్టిగా లెక్కపెట్టాం. దెబ్బ తగిలేది కాదు, చప్పుడే. ఆ పందొమ్మిదో మనిషి ఎవరో నేను రాయను. ఈ సంచిక ముద్రణ ఖర్చు సగం వాడే పెట్టుకున్నాడు.

అందరం కూర్చున్నాక చెప్పారు. నూటయాభై ఏళ్ళ కిందట మన ఊళ్ళలో బడులు ఇట్లాగే మొదలయ్యేవట. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు చెప్పమని కలెక్టర్లందరికీ రాశాడు. మన ఊరు అప్పుడు బళ్ళారి జిల్లాలోది. అనంతపురం విడిపోయింది 1882లో. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన జవాబులో ఈ సంగతి అంతా ఉంది. పొద్దున ఆరింటికి బడి. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడి నుంచి దెబ్బలు. సారు ఇదంతా బి.ఎడ్. చదివేటప్పుడు నోట్సు రాసుకున్నారట. ఆ నోట్సు చూసే మనకు అంకెలు చెప్పారు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, జనాభా 9,27,857.

"వెయ్యిమందికి ఎంతమంది చదువుకుంటాండారో కట్టండి" అన్నారు. నాపరాళ్ళ మీద బొగ్గుతో కట్టాం. ఏడుగురు వచ్చారు. లెక్క తప్పనుకుని రెండోసారి కట్టాం. మళ్ళీ ఏడుగురే. "ఆడపిల్లలు ఎంతమందో తెలుసునా? మొత్తం జిల్లాకు అరవై" అన్నారు సారు. అక్కడే స్తంభానికి ఆనుకుని, వాళ్ళ అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, పోస్టుమాస్టరు గారి అమ్మాయి ఉంది. మన పందొమ్మిది మందిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆమె ఆ అంకెను అరచేతిలో రాసుకోవడం నేను చూశాను.

ఆ కాంబెల్ ఇంకో మాట కూడా రాశాడని సారు చెప్పేవారు. పిల్లలు పద్యాలు ధారగా చెప్తారు గానీ, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు కాబట్టి అర్థం తెలియదని. అందుకే ఆ నెలల్లో మనం ఏ పద్యం చదివినా సారు మధ్యలో ఆపి, "ఇదే సంగతి మీ అమ్మకు ఎట్లా చెప్తావు?" అని అడిగేవారు. వేమన పద్యం ఒకటి అట్లా నేను మా అమ్మకు నిజంగానే చెప్పాల్సి వచ్చింది. ఆమె విని, "ఇది నాకు ముందే తెలుసు కదా" అంది. సారుకు ఆ మాట చెప్తే ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

మూడో రోజు సారు రెండు దస్తాల తెల్లకాగితం తెచ్చి, మధ్యకు మడిచి, దబ్బనంతో పురికొసతో కుట్టారు. పేజీలకు అంకెలు వేశారు. మొదటి పేజీ మీద 'మన ఊరి బడి' అని రాసి మన ముందు పెట్టారు. "ఆ 533లో మన ఊరిది ఉండిందా? ఉంటే యాడ ఉండింది? ఇప్పుడుండే బడికి రాళ్ళు ఎవరు మోసినారు? కనుక్కోని రాండి."

మూడు షరతులు పెట్టారు. ఏదైనా విని రాస్తే ఎవరు చెప్పారో పక్కన రాయాలి. తెలియని చోట ఖాళీ వదలాలి, మనసుకు తోచింది రాసి నింపకూడదు. తప్పు రాస్తే ఒకే గీత గీయాలి, కింద ఉన్నది కనపడాలి. ఈ మూడోది అప్పట్లో మనకు వింతగా ఉండింది. తప్పును బాగా కొట్టేయడమే కదా మనకు అలవాటు.

తర్వాతి రెండు నెలలు నా జీవితంలో మరిచిపోలేనివి. పొద్దున జగిలి, పగలు ఊరంతా తిరగడం. కరణం తాత దగ్గరికి నలుగురం పోయాం. ఎనభై దాటినాయన. బడి గురించి అడగ్గానే మంచం దిగి కింద కూర్చున్నాడు. వాళ్ళ అన్న మెట్రిక్యులేషనట, తాను ఎస్సెల్సీ. రెండూ హైస్కూలు ఆఖరి పరీక్షలే. 1911లో ఎస్సెల్సీ కొత్తగా వచ్చినప్పుడు మెట్రిక్యులేషన్ వాళ్ళు వీళ్ళను తక్కువగా చూసేవాళ్ళని, ఆ మాటకు అన్నతో ఇప్పటికీ మనసు నొచ్చే ఉందని చెప్పాడు. ఆ అన్న పోయి ముప్పై ఏళ్ళు. ఆ మాట కూడా రాయమన్నాడు. రాశాం.

బడిని ఆయన ఒక్కసారి కూడా 'బోర్డు హైస్కూలు' అనలేదు. 'లోకల్‌ఫండ్ బడి' అనే అన్నాడు. సారు మనకు అప్పుడు వరస చెప్పారు. 1871 చట్టంతో శిస్తు మీద సెస్సు వేసి లోకల్ ఫండ్ అని పెట్టారు, అందులోంచి రోడ్లు, ఆస్పత్రులు, బడులు. 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డు, తాలూకా బోర్డు ఏర్పడ్డాయి. 1920లో మళ్ళీ కొత్త చట్టం. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చినాక మనది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అయింది. ఇది నేను పుస్తకంలో చదివి ఉంటే పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయేవాణ్ణి. కానీ మన బడి ముందరి దూలం మీద 'జిల్లా పరిషత్' కింద సున్నం పొర ఊడిన చోట పాత అక్షరాలు కనపడేవి కదా. 'బోర్డు' అన్నది అక్కడుంది. సారు గంట తాతను నిచ్చెన తెమ్మని, తడిగుడ్డతో మెల్లగా తుడిపించారు. 'డిస్ట్రిక్టు బోర్డు' అని మొత్తం బయటపడింది. దాని కింద కూడా ఇంకేవో గీతలు ఉన్నాయి. తాత ఇంకా గట్టిగా రుద్దబోతే సారు చెయ్యి పట్టుకుని ఆపారు. "చాలు తాతా, అది అట్లే ఉండనీ" అన్నారు.

రాళ్ళ సంగతి మనవాళ్ళు మూడు ఇళ్ళలో అడిగితే మూడు రకాలుగా చెప్పారు. కొండ నుంచి ఇంటికొక బండి రాయి తోలారని ఒకరు, కూలి ఇచ్చి తోలించారని ఒకరు, పాడుబడిన బురుజు రాళ్ళే తెచ్చి కట్టారని ఇంకొకరు. ఏది నిజమో తేల్చమని సారును అడిగాం. మూడూ పక్కపక్కన రాయమన్నారు. బెల్లం మండీ మనవాడికి అది నచ్చలేదు. వాళ్ళ తాత చెప్పిందే నిజమని జగిలి మీద ఏడ్చాడు కూడా. సారు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, "మీ తాత మాట మొదట రాయి" అన్నారు. ఆ పేజీలు ఇప్పటికీ వాడి దగ్గరే ఉన్నాయి.

నాకు వచ్చిన పని అడ్మిషన్ రిజిస్టరు. హెచ్చెమ్ గారు ఆఫీసు రూము తెరవడానికి ఒప్పుకున్నారు గానీ, రిజిస్టరు గడప దాటకూడదన్నారు. గంట తాత తాళం తీసి, నేను రాస్తున్నంతసేపూ ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాడు. అట్టలు చెదలు తిన్న పెద్ద రిజిస్టరు. అంతా ఇంగ్లీషులో, వాలు రాత. పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, పుట్టిన తేదీ, చేరిన ఫారం, మానేసిన తేదీ, ఆఖరి గడిలో మానేసిన కారణం. నేను రాయాల్సింది ఆ ఆఖరి గడి. ఎవరు ఎందుకు మానేశారు అన్నది.

మొదట ఆటలాగే ఉండింది. 'ఊరు మారారు.' 'చనిపోయాడు.' 'పెళ్ళి.' 'ఫీజు కట్టలేదు.' 'ఫీజు కట్టలేదు.' బోర్డు హైస్కూళ్ళలో అప్పుడు నెలనెలా ఫీజు ఉండేది. కట్టకపోతే పేరు కొట్టేసేవాళ్ళు. ఒక పేజీలో కింద నుంచి పైదాకా అదే ఒక్క కారణం. రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టి, ఆ మాటను పొట్టిగా 'ఫీ.క.లే.' అని రాయడం మొదలుపెట్టాను. సారు చూసి వద్దన్నారు. "వాళ్ళు ఒక్కొక్కరు వేరే వేరే మానేసినారు. నువ్వు ఒక్కొక్కరికీ పూర్తిగా రాయి."

నాలుగో రోజు, 34వ పేజీలో, మా నాయన పేరు వచ్చింది.

ఇంటిపేరుతో సహా ఉంది. తండ్రి చేసే పని, వ్యవసాయ కూలి. ఫస్ట్ ఫారంలో, అంటే ఇప్పటి ఆరో తరగతిలో, చేరాడు. సెకండ్ ఫారంకు ప్రమోటెడ్ అని ఉంది. ఆ యేడు మధ్యలో తేదీ వేసి, ఆఖరి గడిలో ఫీజు కట్టలేదు.

మా నాయన చదువు గురించి మా ఇంట్లో ఒకటే మాట ఉండేది. "నాకు అబ్బలేదు" అనేవాడు. మా తాత కూడా అదే అనేవాడు. బడికి పొమ్మంటే వాగులోకి పరిగెత్తేవాడని, చేపలు పట్టేవాడని మా అత్తలు నవ్వుతూ చెప్పేవాళ్ళు. నేను పరీక్ష తప్పితే, "నీ నాయన బుద్ధులే వచ్చినాయి" అని మా అమ్మ తిట్టేది. మా నాయన ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆ లైను దగ్గర పెన్ను ఆగిపోయింది. గంట తాత ఏమైందని అడిగాడు. చెప్పలేదు. పరిగెత్తుకుంటూ సారు దగ్గరికి పోయాను. సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వదిలేస్తే పేజీ తప్పవుతుంది. రాస్తే మీ నాయనకు బాధ కావొచ్చు. నన్ను కాదు, పోయి ఆయన్నే అడుగు" అన్నారు.

రాత్రి మా నాయన సంగటి తింటుండగా అడిగాను. మా అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ముద్ద చేతిలోనే ఉంచుకుని వింటూ ఉండిపోయాడు. నేను చెప్పడం అయిపోయినాక అడిగాడు.

"నా పేరు ఎట్లా రాసినారు అందులో?"

చెప్పాను.

"ఇంటిపేరు కూడా ఉందా?"

"ఉంది నాయనా."

"ప్రమోటెడ్ అని ఉందా?"

"ఉంది."

"రాయి" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

మర్నాడు మిల్లుకు పోతూ మా నాయన జగిలి దగ్గర ఆగాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని కిందనే నిలబడ్డాడు. మీలో చాలామంది అక్కడున్నారు, మీకు తెలుసు. సారు లేచి ఎదురుపోయి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి, చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. 34వ పేజీ తెరిచి, "ఇది సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టు నాయనా" అన్నారు. మిల్లులో జీతం రోజు అందరితోపాటు మా నాయన వేలిముద్రే వేసేవాడు. ఆ రోజు సారు పెన్ను తీసుకుని, ఇంగ్లీషులో, రిజిస్టరులో ఉన్నట్టే వాలు రాతలో, మెల్లగా ఒక్కో అక్షరం కలిపి సంతకం చేశాడు. ఆ సంతకం నేను మొదటిసారి చూడటం అదే.

సారు మొహం అటు తిప్పుకుని అమ్మగారిని మజ్జిగ తెమ్మన్నారు.

ఆ నెలల్లో సారు ఇంటికి జీతం రాలేదు. ఈ సంగతి మనకు అప్పుడు తట్టనే లేదు. అమ్మగారు మనకు రోజూ బొరుగులు పెట్టేవాళ్ళు, మనం తినేవాళ్ళం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తట్టింది. ఒకరు రాగులు, ఒకరు కట్టెలు, మండీ వాళ్ళు అచ్చుబెల్లం పంపారు. సారు ఆ దస్తా పుస్తకం ఆఖరి పేజీలో ఎవరెవరు ఏమేమి పంపారో తేదీ వేసి రాసుకున్నారు. జీతాలు వచ్చినాక ఒక్కొక్క ఇంటికీ పోయి తిరిగి ఇచ్చారు. మా ఇంటికి నాలుగు శేర్ల రాగులు తిరిగొచ్చాయి. మా అమ్మ వాకిట్లో నిలబడి వద్దంటే, "అయ్యవారి ఇంటి లెక్క తప్పు పోకూడదమ్మా" అని గడప మీద పెట్టి వెళ్ళారు.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఆడిట్ పని మీద చెన్నై పోయాను. ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద మన్రో విగ్రహం ఉంటుంది కదా, అక్కడ ఆటో ఆపించాను. రికాబులు లేకుండా చేశారని అందరూ ఆ విగ్రహం గురించి చెప్పుకుంటారు. నాకు మాత్రం సారు చెప్పిన తొమ్మిది రూపాయలు గుర్తొచ్చాయి. 1826లో మన్రో ప్రతి తాసిల్దారీకి ఒక బడి పెట్టాలని, అయ్యవారికి నెలకు తొమ్మిది రూపాయలు ఇవ్వాలని రాశాడు. మరుసటి యేడే పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ బడులు కూడా 1836లో ఎత్తేశారు. ఆటో మీటరు తిరుగుతూనే ఉంది. జీతం లేని నెలల్లో మన సారు జగిలి మీద పందొమ్మిది మందికి బొరుగులు పెట్టిన సంగతి ఆ గుర్రం దగ్గర నిలబడి మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను.

ఎన్జీవోలు సమ్మె విరమించారు, బడి తెరిచారు. తొమ్మిదో తరగతి పరీక్షలు ఎప్పుడు రాశామో, ఎట్లా రాశామో నాకు గుర్తులేదు. పదో తరగతి మొదట్లోనే సారుకు బదిలీ వచ్చింది. బస్సుకు ముందు రోజు సాయంత్రం అందరినీ పిలిచారు. పుస్తకం అప్పటికి నూట పన్నెండు పేజీలు నిండింది. దాన్ని ఎవరికి ఇస్తారా అని మనలో మనకు పోటీ. నాకు వస్తుందని నేను అనుకున్నాను. అమ్మగారు దీపం పట్టుకుంటే, సారు బ్లేడుతో పురికొస కోసి, మడతల దగ్గర కాగితాలు చింపి, ఎవరు రాసిన పేజీలు వాళ్ళ చేతుల్లో పెట్టారు. మండీ మనవాడు మళ్ళీ ఏడ్చాడు.

"మొత్తం ఒకరి దగ్గర పెడితే ఆ ఒక్కరు పోగొడితే పోతుంది రా" అన్నారు. "పందొమ్మిది మంది ఒకేసారి పోగొట్టరు."

పదో తరగతి గురించి నేను ఇంకేమీ రాయలేను. పాసయ్యాం, అంతే.

ఆ తర్వాత ఇంటర్, బీకాం, పోటీ పరీక్షలు. అదే మీటర్‌గేజి ప్యాసింజరులో ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో బెంగళూరులో దిగాను. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో ఆడిటర్‌గా చేరిన రోజు మా సెక్షన్ ఆఫీసరు, కన్నడాయన, నా ముందు ఒక రిజిస్టరు పెట్టి, తప్పు రాస్తే ఒకే గీత గీసి పక్కన సంతకం పెట్టాలి, కింద ఉన్నది కనపడాలి అని చెప్పాడు. నాకు తెలుసు సార్ అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా ఊళ్ళో, జగిలి మీద అన్నాను. జగిలి అన్న మాట ఆయనకూ తెలిసిందే కాబట్టి ఇద్దరం నవ్వుకున్నాం. సీనియర్ ఆడిట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. నా సర్వీసులో నేను రాసిన ఏ రిపోర్టులోనూ తెలియని చోట ఊహించి నింపలేదు. ఆ సంగతి మాత్రం ధైర్యంగా చెప్పుకుంటాను.

యశ్వంతపురం ఇల్లు కొన్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మా నాయన కూడా వచ్చాడు. సాక్షి సంతకం ఆయన చేతే పెట్టించాను. గుమాస్తా ఇంకుప్యాడు ముందుకు జరిపాడు. మా నాయన దాన్ని పక్కకు జరిపి పెన్ను అడిగాడు. అదే వాలు రాత. ఆ కాగితం బీరువాలో ఉంది. మా పెద్దమ్మాయి ఇంజనీరు, చిన్నమ్మాయి ఆనేకల్ దగ్గర సర్కారు బళ్ళో టీచరు. ఇద్దరికీ ఆ కాగితం చూపించాను, 34వ పేజీ పక్కన పెట్టి.

సారును తర్వాత ఒక్కసారే చూశాను, అనంతపురం బస్టాండులో. జుట్టంతా నెరిసిపోయింది. పాదాలకు దండం పెట్టి పేరు చెప్పబోతే ఆపి, "నీ పేజీలు ఎన్ని?" అన్నారు.

"31 నుంచి 36 సార్."

"ఉండాయా?"

"ఉన్నాయి సార్."

"మంచిది నాయనా" అన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. ధర్మవరం బస్సు కదిలింది, ఎక్కి వెళ్ళిపోయారు. ఆయన పోయిన కబురు నాకు ఆరు నెలల తర్వాత గానీ అందలేదు.

ఇప్పుడు కమిటీకి నా మనవి ఇదే. మన బడి చరిత్ర రెండు పేజీల్లో నేను రాయలేను. నా ఆరు పేజీలు జిరాక్స్ తీసి సెక్రటరీకి ఇచ్చాను. మండీ మనవాడు తన రాళ్ళ పేజీలు ఉన్నాయని చెప్పాడు. పోస్టుమాస్టరు గారి అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. మైసూరులో ఉంటోంది, లెక్చరరుగా రిటైరైంది. 37 నుంచి 41 దాకా, రిజిస్టరులో ఆడపిల్లల పేర్లు మొత్తం ఏరి రాసినవి, లామినేషన్ చేయించి పెట్టుకుందట. మొదటి ఆరు పేజీలు మన పొడుగోడివి. వాడు మనకు లేడు. బళ్ళారిలో వాళ్ళబ్బాయితో మాట్లాడాను, నాయన ట్రంకు ఇంకా తెరవలేదు, వెతికి చెప్తానన్నాడు. ఆఖరి పేజీ, ఎవరింటి నుంచి ఏమి వచ్చిందో రాసింది, అమ్మగారి దగ్గరే ఉండి ఉంటుంది. ధర్మవరంలో వాళ్ళ చిరునామా తెలిసినవాళ్ళు వెంటనే ఫోన్ చెయ్యండి. మిగతావాళ్ళు పరుపుల కింద, పెట్టెల్లో, పాత మార్కుల లిస్టుల మధ్య చూడండి. ఒక్క పేజీ దొరికినా తీసుకురండి. దబ్బనం, పురికొస నేను తెస్తాను.

కార్డులో సభ పొద్దున పదింటికి అని వేశారు, ఉగ్గాని బజ్జీ తొమ్మిదింటికి అని వేశారు. నేను శనివారం రాత్రి రైలుకే వస్తున్నాను. ఆదివారం ఆరింటికల్లా మన గేటు దగ్గర ఉంటాను, ఇంకుపెన్ను నింపుకుని. ముందు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి చాపండి.